పులిత్రేన్పులకు మాత్రలు వాడువారు పాలు, పెరుగు, మజ్జిగ పుచ్చుకొనవలసిన పద్ధతి

మన సంఘ సభ్యులలో పెక్కండ్రు పాడి గలవారు. ఇంట గేదెయున్న కుటుంబమున పాలు, పెరుగు, మజ్జిగ లేని పూట యుండదు. అట్లే ఇటీవలి కాలమున గుండెమంటకును, పులిత్రేన్పులకును మాత్రలు వాడువారు లేని వీధియు కానరాదు. పాడియు, మాత్రయు ఒక్క కడుపులోనే కలియుచున్నవి. అయినను వానిని ఏ వేళ, ఏ వరుసను పుచ్చుకొనవలెనో విడమరచి చెప్పువారు తక్కువ. ఒకరు "మాత్ర వాడినన్నాళ్లు పాలు ముట్టరా"దందురు. వేఱొకరు "మాత్ర యేల? చల్లని పాలు గ్లాసెడు త్రాగిన మంట చల్లాఱు"నందురు. మొదటి మాటను నమ్మి, ముసలితనమున తమకు బలమిచ్చు ఆహారమును మానుకొన్నవారు గలరు. రెండవ మాటను నమ్మి, వైద్యుడు వ్రాసియిచ్చిన మందును గూటిలో పెట్టి, రాత్రులు పాలతో గడుపువారును గలరు. ఈ రెండు మాటలును సరియైనవి కావని చూపి, నడుమనున్న మార్గమును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మేము వ్యవసాయ ప్రదర్శకులము గాని వైద్యులము కాము. ఎవరికి ఏ మందు తగునో నిర్ణయించుట వైద్యుని పని. ఆయన యిచ్చిన మందు వృథా పోకుండ, మన పాడి మనకు కీడు చేయక మేలే చేయునట్లు నడచుకొనుట మన పని. దానికి వలసిన తెలివినే యిచ్చట చెప్పుచున్నాము.

వ్యాధి స్వభావము

మనము తిన్న అన్నము అన్ననాళము గుండ జీర్ణాశయమునకు పోవును. ఆ రెంటికిని నడుమ కండరముతో నైన తలుపు ఒకటి గలదు. చెఱువు తూమునకు తలుపెట్టిదో ఇదియు నట్టిదే. అన్నము దిగునపుడు తెఱచుకొని, దిగిన పిమ్మట మూసికొనవలెను. జీర్ణాశయమున ఊరెడు రసము మిక్కిలి తీక్ష్ణమైన ఆమ్లము. జీర్ణాశయపు గోడకు దానిని తట్టుకొను పూత గలదు. అన్ననాళమునకు అంత రక్షణ లేదు. తలుపు వదులైనను, వేళగాని వేళ తెఱచుకొన్నను ఆ రసము పైకెగసి అన్ననాళమును కాల్చును. ఇదియే గుండెమంట. గొంతు వఱకు వచ్చినచో పులిత్రేన్పు.

"పెరుగు పుల్లనిది, కావున కడుపులోని పులుపును పెంచు"నను మాట మనలో వాడుకలో నున్నది. భూసార పరీక్షా పత్రమును చూచిన రైతుకు దీని నిజము సులభముగా తెలియును. ఆ పత్రమున ఉదజని సూచిక యను అంకె యుండును. 7 అనగా తటస్థము; అంకె తగ్గిన కొలది పులుపు హెచ్చు. ఒక్క అంకె తగ్గినచో పులుపు పదిరెట్లు హెచ్చినట్లు లెక్క. పాలకు ఈ అంకె సుమారు 6.6; పెరుగునకు సుమారు 4.5, కడుపులోని రసమునకు 1.5 మొదలు 2 వఱకు. అనగా మన కడుపులోని రసము పెరుగు కంటె కొన్ని వందల రెట్లు పులుపైనది. కావున పెరుగులోని పులుపు దానికి చేర్చునది యేమియు లేదు.

మందులు మూడు తరగతులు

మొదటి తరగతివి ఊరిన ఆమ్లమును విఱుచునవి. మెగ్నీషియము, అల్యూమినియము లవణములు గల తెల్లని ద్రవములు, నమిలెడు బిళ్లలు, నీటిలో పొంగు సోడాపొడులు ఈ తరగతిలోనివి. ఆమ్లభూమికి సున్నము చల్లినట్లే ఇవి పని చేయును. గుణము వెంటనే కనబడును గాని కొలదిసేపే నిలుచును.

రెండవ తరగతివి ఆమ్లము ఊరుటను కొంత తగ్గించునవి. ఫామోటిడిన్ ఈ తరగతిలోనిది. దీనిని ఆహారముతోనైనను, ఆహారము లేకనైనను తీసికొనవచ్చును.

మూడవ తరగతివి ఒమెప్రజోల్, పాంటొప్రజోల్, రాబెప్రజోల్ మొదలగునవి. నేడు మన గ్రామములలో హెచ్చుగా వాడుకలో నున్నవి యివియే. జీర్ణాశయపు గోడలోని కొన్ని కణములలో ఆమ్లమును తోడిపోయు అతి సూక్ష్మమైన పంపులు గలవు. ఈ మందులు ఆ పంపులనే ఆపివేయును. కాని నడుచుచున్న పంపునే యివి ఆపగలవు. నిద్రించు పంపును ఆపజాలవు. ఆ పంపులను మేలుకొలుపునది మనము తిను ఆహారము. మందు రక్తమున నిలుచునది కొలది గంటలు మాత్రమే. కావున మాత్రను ముందు మ్రింగి, అరగంట మొదలు ఒక గంట లోపల ఆహారము పుచ్చుకొన్నచో, పంపులు మేలుకొను వేళకు మందు రక్తమున సిద్ధముగా నుండును. అన్నము తిన్న పిమ్మట మ్రింగినచో మందు చాలవఱకు వ్యర్థమగును. "మాత్ర వేసినను మంట తగ్గలే"దనువారిలో వేళ తప్పి మ్రింగినవారు అనేకులు.

ఈ మందునకు పూర్తి గుణము కనబడుటకు కొన్ని దినములు పట్టును. మొదటి దినముననే తగ్గలేదని మానరాదు. నెలల తరబడి వాడిన పిమ్మట తటాలున మానినను ఆమ్లము కొంతకాలము మునుపటి కంటె హెచ్చుగా ఊరవచ్చును. కావున ప్రారంభించుటకును, మానుటకును గూడ వైద్యుని మాటయే ప్రమాణము.

పాలు మందు కావు

పాలను ఈ వ్యాధికి మందుగా వాడుట మన గ్రామములలో మాత్రమే పుట్టిన అలవాటు కాదు. అమెరికా దేశమున చికాగో నగరపు వైద్యుడు బెర్‌ట్రమ్ సిప్పీ 1915 లో కడుపుపుండు రోగులకు ఒక పథ్యమును ఏర్పఱచెను. గంటగంటకు పాలు, మీగడ త్రావించి, నడుమ క్షారపు పొడులను ఇచ్చుట ఆ పథ్యము. అనేక సంవత్సరములు లోకమంతట వైద్యులు దీనిని అనుసరించిరి. కాని 1923 లోనే దాని కీడును వైద్యులు ప్రకటించిరి. పాలను, క్షారములను విస్తారముగా కలిపి పుచ్చుకొన్న రోగులలో కొందఱికి వాంతులు, తలనొప్పి, నిస్త్రాణ కలిగి మూత్రపిండములు చెడెను. రక్తమున కాల్షియమును, క్షారమును మితిమీఱుటయే దీనికి కారణము. కొత్త మందులు వచ్చిన పిదప ఆ పథ్యము మూలబడినది. అయినను సుద్దతో చేసిన బిళ్లలను, అనగా కాల్షియము కార్బనేటు బిళ్లలను, లెక్కలేక నమలుచు దానిపై పాలు విస్తారముగా త్రాగువారికి ఈ వ్యాధి నేటికిని వచ్చుచున్నది. వృద్ధులును, మూత్రపిండముల జబ్బు గలవారును మఱింత జాగ్రత్తగా నుండవలెను.

పాలు త్రాగినంతనే మంట తగ్గినట్లు తోచుట నిజమే. పాలు కొంత ఆమ్లమును విఱుచును. కాని ఆ ఉపశమనము కొలదిసేపటిది. పాలలోని మాంసకృత్తులును, కాల్షియమును ఆమ్లము ఊరుటను తామే ప్రేరేపించును. 1976 లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయందు వెన్న తీయని పాలు, కొంత తీసిన పాలు, పూర్తిగా తీసిన పాలు వేర్వేఱుగా ఇచ్చి చూచిరి. మూడును ఆమ్లస్రావమును పెంచినవి. అనగా మంటపై నీళ్లు చల్లి, వెనువెంటనే పుల్లలు వేసినట్లగును.

మన దేశమునకు సంబంధించిన నిదర్శనము కూడ గలదు. 1986 లో మన దేశపు వైద్యులు చిన్నప్రేవుల పుండు గల 65 మంది రోగులను రెండు తెగలుగా విభజించి పరీక్షించిరి. అందఱికిని ఆమ్లమును తగ్గించు ఒకే మందు ఇచ్చిరి. ఒక తెగవారికి దినమునకు రెండు లీటర్ల పాలతో పథ్యము. రెండవ తెగవారికి ఇంట తిను మామూలు భోజనము. నాలుగు వారములకు చూడగా, మామూలు భోజనము చేసినవారిలో నూటికి 78 మందికి పుండు మానెను. పాలపథ్యము చేసినవారిలో నూటికి 53 మందికే మానెను. ఈ పుండును పులిత్రేన్పులును ఒకే వ్యాధి కావు. అయినను మందుతో పాటు పాలను మందుగా త్రాగుటవలన లాభము లేకపోగా నష్టము కలుగవచ్చునని దీనివలన మనకు తెలియుచున్నది.

పాలు మానదగినవియు కావు

పాలు మందు కావన్నంత మాత్రమున అవి విషమనియు కాదు. మూడవ తరగతి మాత్రలను సంవత్సరముల తరబడి వాడువారికి బి12 యను జీవసత్వము శరీరమునకు తక్కువగా చేరవచ్చును. ఆహారమునుండి దానిని విడదీయుటకు కడుపులోని ఆమ్లము కావలెను. మాంసము, గ్రుడ్లు ముట్టనివారికి ఈ జీవసత్వము ముఖ్యముగా లభించునది పాలు, పెరుగు, మజ్జిగలనుండియే. అట్టివారు వానిని కూడ మానినచో నష్టము రెండింతలగును. ఎముకలకు వలసిన కాల్షియము సంగతియు నిట్టిదే. కాల్షియము కార్బనేటు బిళ్ల కరగుటకు ఆమ్లము కావలెను గాని, పాలలోని కాల్షియమును ఆమ్లము తగ్గినను శరీరము గ్రహింపగలదు. కావున ఏండ్ల తరబడి మాత్ర వాడుచున్న వృద్ధులు, ముఖ్యముగా స్త్రీలు, పాడిని మానక, బి12 పరీక్షను గూర్చి వైద్యుని అడుగవలెను. గేదెపాలన్నియు కేంద్రమునకు పోసి ఇంటిలోని పెద్దలకు నీళ్లటీ మాత్రము మిగుల్చుట ఆదాయమని తలంపరాదు.

పాలు త్రాగినపుడు కడుపుబ్బరము, గడబిడ, విరేచనము కలుగువారు కొందఱు గలరు. వయస్సు వచ్చిన పిదప పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి మన దేశమున అనేకులకు తగ్గును. ఇది ఆమ్లపు జబ్బు కాదు. ఆమ్లపు మాత్ర దీనిని పోగొట్టదు. పాలు తోడుకొనునపుడు ఆ చక్కెరలో కొంత పులిసి తగ్గును. కావున ఇట్టివారికి పాల కంటె పెరుగు, మజ్జిగ నయము.

ఏవి, ఎంత, ఏ వేళ?

పాలకేంద్రమున వెన్న శాతమును బట్టి మనకు ధర కట్టుదురు. కడుపు కూడ వెన్న శాతమును బట్టియే లెక్క కట్టుననుకొనుడు. గేదెపాలలో వెన్న సాధారణముగా నూటికి 6 మొదలు 8 పాళ్లు; ఆవుపాలలో 3.5 మొదలు 4.5 పాళ్లు. కొవ్వు హెచ్చిన ఆహారము జీర్ణాశయమున ఎక్కువసేపు నిలుచును. తూము తలుపును వదులు చేయును. కేంద్రమున ధర హెచ్చుగా పలుకు చిక్కని పాలే రాత్రి పడుకొనబోవు వేళ కడుపునకు బరువగును. అందువలన మీగడ తీసిన పాలు, వెన్న చిలికి తీసిన పలుచని మజ్జిగ ఈ జబ్బు గలవారికి మేలు. నేతిలో వేచిన పిండివంటలు, మీగడ పెరుగు, జున్ను మితముగా పగటిపూటనే తినవలెను.

పెరుగన్నమును నిందించువారు దానిలో నంజుకొన్న ఆవకాయను, వేచిన ఊరుమిరపకాయలను, తిన్న వెంటనే పడుకొన్న సంగతిని మఱచుచుందురు. రాత్రి భోజనమునకును పడకకును నడుమ రెండు మూడు గంటలుండవలెను. పడుకొనుటకు ముందు చిక్కని పాలు త్రాగు అలవాటున్నవారు ఆ గ్లాసును సాయంకాలమునకు మార్చుకొనవలెను. మంచపు తలవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఆఱు మొదలు ఎనిమిది అంగుళములు ఎత్తుచేసినచో రసము పైకెగయుట తగ్గును. దిండ్లు పేర్చుటవలన ఈ ఫలము కలుగదు. మెడ మాత్రము వంగును. ఎడమ ప్రక్కకు తిరిగి పరుండుట మంచిది. చుట్ట, సారాయములను విడువనిదే ఏ మందును పూర్తిగా గుణమీయదు.

మూడవ తరగతి మాత్రకు వేళను రైతు తన దినచర్యలో సులభముగా అమర్చుకొనవచ్చును. తెల్లవాఱుజామున లేచి నోరు కడుగుకొనగానే మాత్రను మంచినీళ్లతో మ్రింగవలెను. తరువాత గేదెకు మేత వేసి, పాలు పితికి, కేంద్రమునకు పోసి వచ్చుసరికి అరగంట దాటును. అప్పుడు టీయో, చద్దన్నమో, మజ్జిగయో పుచ్చుకొనవచ్చును. గడియారము చూడనక్కఱలేదు, గేదెయే గడియారము.

మాత్రను పాలతో గాని, టీతో గాని మ్రింగరాదు. ఈ మాత్రలపై ఆమ్లమునకు కరగని పూత యుండును. మందు ఆమ్లమున పడినచో చెడును గనుక, ప్రేవులకు చేరువఱకు ఈ పూత దానిని కాపాడును. పాలు కడుపులోని ఆమ్లమును తాత్కాలికముగా తగ్గించునపుడు పూత అక్కడనే కరగి మందు చెడవచ్చును. ఇదే కారణమున మాత్రను నమలుటయు, నూఱుటయు, గొట్టమును విప్పి లోని గింజలను వృద్ధులకు పాలలో కలిపి త్రావించుటయు కూడదు. మ్రింగలేనివారి సంగతి వైద్యునికి చెప్పినచో ఆయన తగిన ఉపాయము చెప్పును.

ఇతర మందులతో జాగ్రత్త

డాక్సిసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి క్రిమినాశక మందులను, రక్తహీనతకిచ్చు ఇనుపమాత్రలను పాలు గాని, ఆమ్లమును విఱుచు ద్రవములు గాని పట్టి యుంచి శరీరమునకు చేరనీయవు. గర్భిణీ స్త్రీలు ఇనుపమాత్రను పాలతో వేసికొనుట పెక్కు ఇండ్లలో జరుగుచున్నది. ఇది మానవలెను. ఈ మందులకును, పాలకును, తెల్లని ద్రవమునకును నడుమ కనీసము రెండు గంటల ఎడముంచవలెను. వైద్యుడు అంతకు ఎక్కువ చెప్పినచో ఆయన మాటయే పాటింపవలెను. రక్తపు పోటు గలవారు సోడాపొడులను ఊరక వాడరాదు; వానియందు సోడియము విశేషము. ఒళ్లునొప్పులకు అంగడిలో కొని మ్రింగు మాత్రలలో అనేకములు కడుపును పుండు చేయును. అవి వాడుచున్నచో వైద్యునికి దాచక చెప్పవలెను.

మీరే చేయదగిన పరీక్ష

కొందఱికి పాలు పడవు. కొందఱికి ఏమియు కాదు. మీ సంగతి తెలిసికొనుటకు మేము పొలమున చేయు పద్ధతియే మంచిది. కొత్త ఎరువు గుణము తెలియుటకు ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడికి వేయక, విత్తనము, నీరు, దున్నకము రెంటికిని సమముగా నుంచెదము. రెండు మార్పులొక్కసారి చేసినచో ఏది దేని ఫలమో తెలియదు. అట్లే వైద్యుడు చెప్పిన మాత్రను క్రమముగా వాడుచునే, ఒక వారము రాత్రి పాలు మాని, తక్కినదంతయు మునుపటివలెనే యుంచుడు. మఱుసటి వారము మరల త్రాగుడు. ప్రతి యుదయము రాత్రి మంట కలిగినదో లేదో పంచాంగపు అంచున గుర్తు పెట్టుడు. రెండు వారముల గుర్తులను పోల్చినచో, ఇరుగుపొరుగువారి మాటల కంటె నమ్మదగిన సమాధానము మీ చేతనే యుండును. తేడా లేనిచో పాలను నిందింప పనిలేదు. తేడా యున్నచో పాలను పూర్తిగా విడువక, వేళను, పరిమాణమును, వెన్నను తగ్గించి చూడుడు.

ఆలస్యము చేయరాని సందర్భములు

ఆహారము మ్రింగునపుడు అడ్డుపడుట, కారణము లేక బరువు తగ్గుట, మాత్రలు వాడినను మంట పోకుండుట కనబడినచో పాలు, మజ్జిగలతో దినములు గడపక ఆసుపత్రికి పోవలెను. రక్తము కక్కినను, మలము తారువలె నల్లగా వచ్చినను ఒక్క పూట కూడ ఆగరాదు. ఛాతీలో బరువుగా నొప్పి పుట్టి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టి ఆయాసము కలిగినచో అది గ్యాసు కాకపోవచ్చును, గుండెపోటు కావచ్చును. అట్టి వేళ సోడాపొడి కలుపుచు, పాలు కాచుచు కూర్చుండక వెంటనే 108 కి ఫోను చేయవలెను. గ్యాసనుకొని గడపిన గంట ప్రాణమునకే అపాయము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మాత్ర మంచినీళ్లతో, ఆహారము అరగంట మొదలు గంట లోపల.
2. పాలు ఆహారమే గాని మందు కావు. మాత్రకు బదులుగా పాలు త్రాగరాదు.
3. మాత్ర వాడుచున్నామని పాలు, పెరుగు, మజ్జిగలను మానరాదు. పలుచని మజ్జిగ అన్నిటికంటె తేలిక.
4. చిక్కని పాలు, మీగడ రాత్రి పడకవేళ వలదు.
5. సుద్దబిళ్లలును, పాలును రెండును విస్తారముగా పుచ్చుకొనరాదు.
6. ఇనుపమాత్రలకును, క్రిమినాశక మందులకును పాలతో ఎడముంచవలెను.
7. అపాయ సూచనలు కనబడినచో ఆలస్యము వలదు.

సభ్యులలో చదువనేర్చినవారు ఈ పాఠమును పాలకేంద్రమున ఉదయము పాలు పోయుటకు వచ్చినవారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. వినువారిలో కొందఱైనను ఆ పూట మాత్ర మ్రింగి వచ్చినవారుందురు.